అసీల్ జాతిని ప్రమాణం తప్పకుండా నిలుపుకోవడం ఎలా: విశాఖ పెంపకందారులకు సమగ్ర మార్గదర్శి

ఆనందపురం, పద్మనాభం, సబ్బవరం వైపు తోటల్లో నాటుకోళ్లు పెంచుతున్నవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. మంచి అసీల్ పుంజునూ నాలుగు పెట్టలనూ తెచ్చుకున్నాక, వాటి మనవల తరంలో కూడా అదే కట్టు, అదే ముఖం, అదే నడక నిలవాలంటే ఏం చేయాలి? పిల్లలు బాగానే పుడుతున్నాయి, రెండు మూడు తరాలకు మాత్రం ఏదో తగ్గిపోతోందన్నది అందరి ఫిర్యాదు.

తగ్గిపోవడానికి దాదాపు ప్రతిచోటా కారణాలు రెండే: పెట్టలన్నిటికీ ఒకే పుంజును వదలడం, కంటికి నచ్చిన ప్రతి కొత్త పుంజునూ తెచ్చి మందలో కలిపేయడం. ఈ రెండింటినీ మానేసి, ప్రమాణాన్ని కాగితం మీద పెట్టుకుని, కనీసం మూడు కుటుంబాలను విడివిడిగా నడిపే పద్ధతిని కింద వరుసగా వివరిస్తున్నాను. దశల క్రమం ముఖ్యం కాబట్టి, గూళ్లు కట్టకముందే గుడ్లు పొదగేయవద్దు.

1. మొదలుపెట్టే ముందు తేల్చుకోవలసినవి

ఈ మార్గదర్శి పందేల కోసం రాసింది కాదు. కోడిపందేలు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కిందా, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం కిందా నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, బరిలో గెలుపు ఒక్కటే కొలమానమైతే పెట్ట నాణ్యతను ఎవరూ పట్టించుకోరు, గెలిపించే రక్తం ఎక్కడిదైనా కలిపేస్తారు. జాతి చెదరడానికి అంతకంటే దగ్గరి దారి లేదు.

స్థలం విషయంలో ఒక సంగతి ముందే గ్రహించాలి. అసీల్ పుంజుపిల్లలు మూడు నాలుగు నెలల వయసు నుంచే ఒకదానినొకటి పొడుచుకుంటాయి, కొత్తగా కలిపితే పెట్టలు కూడా కొట్టుకుంటాయి. అందువల్ల ఏటా ఎన్ని పుంజుపిల్లలను అట్టేపెట్టదలచారో అన్ని విడి గూళ్లు పిల్లలు పుట్టకముందే సిద్ధంగా ఉండాలి. ఒక్కో గూడు కనీసం నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉండాలి. కాలికి తాడు వేసి మేకుకు కట్టే అలవాటు వల్ల కాలి చర్మం ఒరుసుకుపోతుంది, నడక చెడుతుంది. అలాంటి పుంజు నడకను బట్టి ఏ నిర్ణయమూ చేయలేము.

మధురవాడలోనో గాజువాకలోనో అపార్ట్‌మెంటు మేడ మీద ఒక పుంజును ముచ్చటకు పెంచుకోవచ్చు గానీ, జాతిని నిలబెట్టే పని అక్కడ సాగదు. తెల్లవారుజామున మూడింటికి మొదలయ్యే కూతను పొరుగువారు ఎన్నాళ్లు సహిస్తారన్నది వేరే ప్రశ్న.

సిద్ధం చేసుకోవలసినవి:

- ఒక పుంజు, నాలుగు పెట్టలు పట్టే మూడు దొడ్లు. ఒక దొడ్డి పుంజుకు మరో దొడ్డి పుంజు కనబడకుండా మధ్యలో తడిక
- పుంజులకు విడి గూళ్లు
- కొత్త కోళ్లకు, జబ్బు కోళ్లకు కనీసం యాభై అడుగుల దూరంలో ఒక గూడు
- పది గ్రాముల తేడాను చూపే తూకం ఒకటి, గుడ్లకు ఒక గ్రాము తేడాను చూపేది మరొకటి
- అర అంగుళం కన్నాల ఇనుప వల. ముంగిస, పునుగు పిల్లి, పాము దూరే సందులన్నీ దానితోనే మూయాలి
- గట్టి అట్ట ఉన్న రిజిస్టరు

2. ప్రమాణాన్ని కాగితం మీద రాసుకోండి

అసీల్ మన దేశంలో నమోదైన దేశీ కోడి జాతి. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ నమోదులో దీని స్వస్థలంగా ఆంధ్రప్రదేశ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ ప్రాంతాలు ఉన్నాయి. జాతి లక్షణాలుగా స్థిరపడినవి ఇవి:

- తల: ముఖం పొడవుగా, సన్నగా, ఈకలు లేకుండా ఉంటుంది. కన్ను గట్టిగా అమరి, చూపు ధైర్యంగా ఉంటుంది. ముక్కు పొట్టిది.
- జుట్టు: చిన్నగా, తలకు గట్టిగా అతుక్కుని, మూడు వరుసల్లో బొడిపెలుగా ఉండే బఠాణీ జుట్టు. చెవి తమ్మెలు, ముక్కు కింది తమ్మెలు ఎర్రగా, చిన్నగా ఉంటాయి.
- మెడ: పొడవుగా, పై నుంచి కింది దాకా ఒకే మందంతో, కండ పట్టి ఉంటుంది.
- ఒళ్లు: గుండ్రంగా, పొట్టిగా ఉంటుంది. రొమ్ము వెడల్పు, వీపు తిన్నన, తోక మొదలు గట్టి.
- ఈకలు: పలచగా, బిరుసుగా, ఒంటికి అంటుకుని ఉంటాయి, రొమ్ము మీద దాదాపు ఉండవు, అడుగున మెత్తని నూగు ఉండదు.
- తోక: చిన్నది, కిందికి వాలినది.
- కాళ్లు: బలంగా, తిన్నగా, ఒకదానికొకటి ఎడంగా ఉంటాయి.
- బరువు: ఎదిగిన పుంజు 4 నుంచి 5 కిలోలు, పెట్ట 3 నుంచి 4 కిలోలు.

దీనిని రిజిస్టరు మొదటి పేజీలో మీ చేతిరాతతోనే రాయండి. ఆ కింద మార్కుల పట్టిక వేయండి. నేను వాడే పంపకం ఇది: ఒళ్లు, ఎముక కట్టుకు 30, తల, ముఖం, జుట్టుకు 20, కాళ్లు, పాదాలకు 20, చురుకుదనం, ఆరోగ్యానికి 15, ఈకల బిగువుకు 10, రంగుకు 5.

రంగుకు ఐదే మార్కులా అని అడిగేవారు చాలామంది ఉంటారు. కాకి, డేగ, సేతు, నెమలి అంటూ మనకు రంగుల పేర్లు కొల్లలుగా ఉన్నాయి, కొనేవాడి కన్ను మొదట పడేది కూడా రంగు మీదే. అయితే రంగును రెండు మూడు తరాల్లో వెనక్కి తెచ్చుకోవచ్చు. ఒకసారి పోయిన ఎముక కట్టు మాత్రం మీ జీవితకాలంలో తిరిగి రాకపోవచ్చు. అందుచేత ఒళ్లు బాగున్న కోడిని రంగు కోసం వదులుకోవద్దు.

ఇక్కడ రెండు గందరగోళాలను తొలగించుకోవాలి. మొదటిది విదేశీ ప్రమాణం. అమెరికన్ పౌల్ట్రీ అసోసియేషన్ 1981లో గుర్తించిన అసీల్ చిన్నరకం. అందులో పుంజు బరువు సుమారు రెండున్నర కిలోలే. ఇంటర్నెట్‌లో దొరికే ఆ బొమ్మలను చూసి మన పెద్దరకం పుంజులను తప్పుపట్టకూడదు. రెండోది చిలకముక్కు, పొడవు తోక ఉన్న అలంకార రకం. దానికి అభిమానులున్నారు, దాని అందం దానిది. కానీ ఆ రకం వంపు ముక్కు, నేలకు జారే తోక పై ప్రమాణానికి పొసగవు. రెండింటినీ కలిపితే ఏదీ మిగలదు. ఏది పెంచుతారో ముందే తేల్చుకోండి.

3. మూల కోళ్లను ఎంచుకోవడం

మూడు కుటుంబాలకు మూడు వేర్వేరు చోట్ల నుంచి కోళ్లను తీసుకోవాలి. అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీ పల్లెల్లో, మైదాన మండలాల్లో పాతకాలం నుంచి ఒకే రక్తాన్ని కాపాడుకుంటూ వస్తున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి. సంతలో దొరికిన కోడి కంటే ఇంటి దగ్గర తల్లిదండ్రులను చూసి కొన్న కోడి ఎప్పుడూ మేలు, ఎందుకంటే సంతలో పుంజు మాత్రమే కనిపిస్తుంది, దాని తల్లి కనిపించదు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్‌లో కూడా అసీల్ మందలను పోషిస్తున్నారు.

పెరటి పెంపకానికి ఇచ్చే వనరాజా, గ్రామప్రియ, అసీల్ రక్తం కలిసిన కారి నిర్భీక్ వంటివి ఉపయోగకరమైన కోళ్లే గానీ, అవి సంకరాలు. ఆ పిల్లలను ఈ మందలో కలపరాదు.

సంకరం జరిగిందని అనుమానించవలసిన గుర్తులు:

- రంపపు పళ్లలాంటి ఒంటి జుట్టు, తెల్లని చెవి తమ్మెలు
- పన్నెండు వారాలకే రొమ్ము విపరీతంగా నిండడం, కాళ్లు దానిని మోయలేకపోవడం
- తొడల దగ్గర, తోక కింద మెత్తని నూగు
- ఏడాది పొడవునా ఆగకుండా గుడ్లు పెడుతూ, ఒక్కసారి కూడా పొదుగుకు రాని పెట్ట

చివరిది చాలామందికి లోపంగా తోచదు, లాభంగా తోస్తుంది. అసీల్ పెట్ట గుడ్లు తక్కువ పెడుతుంది, గట్టిగా పొదుగుతుంది, పిల్లలను ప్రాణం పెట్టి కాస్తుంది. ఇవీ జాతి లక్షణాలే.

ఏ కోడిని తెచ్చినా 30 రోజులు దూరపు గూటిలోనే ఉంచాలి. దానికి మేత వేశాక చెప్పులు మార్చుకుని, చేతులు కడుక్కుని గానీ మంద దగ్గరకు వెళ్లకూడదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాలలో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఈ జాగ్రత్త విలువ అందరికీ తెలిసింది.

4. చేతిలోకి తీసుకుని పరీక్షించే క్రమం

దూరం నుంచి చూసి మార్కులు వేయవద్దు. ముందు పది నిమిషాలు కదలకుండా నిలబడి కోడి నిలుచునే తీరును, నడకను చూడాలి. తర్వాత పట్టుకోవాలి. ఎడమ అరచేతిని రొమ్ము కిందికి పోనిచ్చి, కాళ్లు రెండింటినీ వేళ్ల మధ్య బిగించి, తల మీ మోచేతి వైపు ఉండేలా ఎత్తుకుంటే అసీల్ పుంజు కూడా నెమ్మదిస్తుంది.

కుడి చేతి చూపుడు వేలితో రొమ్ము ఎముకను మొదటి నుంచి చివరి దాకా తడమాలి. మంచి కోడికి ఆ ఎముక వంకర లేకుండా సాగుతుంది, దానికి రెండు వైపులా కండ గట్టిగా, ఉబ్బుగా తగులుతుంది. ఎముక అంచు మీద ఈకలు విడిపోయి ఎర్రని చర్మం కనిపించడం అసీల్‌లో లోపం కాదు, గుణం. మధ్యలో నొక్కు తగిలిందంటే వంశపు దోషమైనా కావచ్చు, పిల్లవయసులో సన్నని దండె మీద కూర్చోబెట్టడం వల్ల వచ్చినదైనా కావచ్చు. దాని తోబుట్టువులను కూడా తడిమి చూస్తేనే ఏది నిజమో తెలుస్తుంది.

తర్వాత రెక్కను విప్పి ఈకల వరుసలో ఖాళీలున్నాయేమో చూడాలి. తోక మొదలును రెండు వేళ్లతో పట్టుకుంటే పక్కకు ఒరిగిందో లేదో తెలుస్తుంది. పై ముక్కు, కింది ముక్కు సరిగ్గా కలవాలి. కాలి వేళ్లు తిన్నగా ఉండాలి. ఇవన్నీ అయ్యాకే తూకం వేసి, అప్పటికప్పుడు రాసేయాలి. రాత్రికి గుర్తుచేసుకుని రాద్దామనుకుంటే నచ్చిన కోడికి నాలుగు మార్కులు ఎక్కువ పడతాయి.

5. మూడు కుటుంబాలను నడిపే పద్ధతి

ఈ దశ దగ్గర ఆగి, ఒకసారి లెక్క వేసి చూడండి. మందలో ఎన్ని కోళ్లున్నాయన్నది కాదు, రక్తం ఎన్ని దారుల నుంచి వస్తోందన్నది ముఖ్యం. దానికి సూత్రం సులభం: పుంజుల సంఖ్యను పెట్టల సంఖ్యతో గుణించి, నాలుగుతో హెచ్చించి, మొత్తం కోళ్ల సంఖ్యతో భాగించాలి. వచ్చినదే ఆ మంద అసలు బలం. ఒకటిని ఆ బలానికి రెట్టింపుతో భాగిస్తే, తరానికి ఎంత రక్తసంబంధం పెరుగుతుందో తెలుస్తుంది.

ఒక పుంజు, పది పెట్టలు ఉంటే అసలు బలం 3.6 మాత్రమే, అంటే తరానికి సుమారు 14 శాతం రక్తసంబంధం పెరుగుతుంది. మూడు పుంజులు, పన్నెండు పెట్టలు ఉంటే బలం 9.6కు చేరుతుంది, పెరుగుదల 5 శాతానికి దిగుతుంది. అవే పన్నెండు పెట్టలకు ఆరు పుంజులను వంతులవారీగా వాడితే 3 శాతం చాలు. పెట్టలను పెంచినదానికంటే పుంజులను పెంచినందువల్ల మేలు ఎక్కువ. ఖర్చంతా గూళ్లదే.

నడిపే క్రమం:

1. దొడ్లకు అ, ఆ, ఇ అని పేర్లు పెట్టండి.
2. పుట్టిన పెట్టపిల్లలు ఎప్పుడూ తల్లి దొడ్డిలోనే ఉంటాయి.
3. పుంజుపిల్లలు పక్క దొడ్డికి వెళ్తాయి: అ లో పుట్టినది ఆ కు, ఆ లో పుట్టినది ఇ కు, ఇ లో పుట్టినది అ కు.
4. ఏ తరంలోనూ ఈ దిశను మార్చకూడదు.
5. ప్రతి దొడ్డికి వాడుకలో ఒక పుంజు, అదనంగా మరో పుంజు సిద్ధంగా ఉండాలి.

ఇలా నడిపితే అన్నాచెల్లెళ్లు ఎన్నడూ జతకట్టవు, బయటి నుంచి కోడిని తేవలసిన అవసరం చాలా ఏళ్లపాటు రాదు.

6. జత కట్టడం: తప్పుకు మందు ఒప్పే

కాళ్లు మరీ పొట్టిగా ఉన్న పెట్టకు మరీ పొడుగు కాళ్ల పుంజును కడితే నడిమి రకం పిల్లలు వస్తాయని చాలామంది నమ్ముతారు. మొదటి తరంలో అలా కనిపించవచ్చు. తర్వాతి తరంలో పొట్టివీ పొడుగువీ రెండూ బయటపడి, మందలో రెండు లోపాలు స్థిరపడతాయి. పొట్టి కాళ్లకు జత ప్రమాణం ప్రకారం సరైన కాళ్లే. ఒకే లోపం ఉన్న రెండింటిని మాత్రం, మిగతా గుణాలు ఎంత బాగున్నా, ఎన్నడూ కలపరాదు.

ఒంటి జుట్టు దాగి ఉన్న పుంజును పట్టుకునే దారి ఒకటుంది. బఠాణీ జుట్టు గుణం పైచేయి గలది, ఒంటి జుట్టు గుణం దాని చాటున దాగుతుంది. బఠాణీ జుట్టు తల్లిదండ్రులకు ఒంటి జుట్టు పిల్ల పుట్టిందంటే ఆ దోషం తల్లిదీ తండ్రిదీ కూడా. అనుమానం ఉన్న పుంజును ఒంటి జుట్టు ఉన్న మామూలు నాటు పెట్టతో కట్టి, కనీసం ఏడు పిల్లలను తీయాలి. ఒక్కదానికి ఒంటి జుట్టు వచ్చినా పుంజులో దోషం ఉన్నట్టే. ఏడింటికీ బఠాణీ జుట్టే వస్తే, దోషం దాగి ఉండే అవకాశం నూటికి ఒకటి కంటే తక్కువ. ఆ పిల్లలను మాత్రం మందలో కలపకండి.

ఒక పుంజుకు మూడు నుంచి ఐదు పెట్టలు చాలు. బరువైన జాతి కావడంతో అంతకు మించితే గుడ్లలో జీవం తగ్గుతుంది. కాలి ముల్లు మొనను ముందుగానే మొద్దు చేయకపోతే పెట్టల పక్కలు చీరుకుపోతాయి.

7. గుడ్ల సేకరణ, నిల్వ

పెట్ట కడుపులో పుంజు వీర్యం రెండు మూడు వారాల పాటు పనిచేస్తుంది. అందుచేత పుంజును మార్చిన తర్వాత మూడు వారాలు గడిచాక పెట్టిన గుడ్లనే వంశానికి వాడాలి. ఈ లోపు పెట్టినవి కూరకు.

విశాఖలో పొదగేయడానికి అనువైన కాలం నవంబరు మధ్య నుంచి జనవరి చివరి దాకా. అక్టోబరు తుఫానుల కాలం, తేమలో పిల్లలకు రక్త విరేచనాల బెడద ఎక్కువ. మార్చి తర్వాత పుట్టిన పిల్లలు ఈకలు సరిగ్గా రాకముందే ఉక్కపోతకు చిక్కుతాయి.

పొదిగించే గుడ్లను 15 నుంచి 18 డిగ్రీల చల్లదనంలో, ఏడు రోజులకు మించకుండా దాచాలి. ఫ్రిజ్ అంత చల్లదనం పనికిరాదు. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండను దింపి, గుడ్లను దానిలో సన్నని కొన కిందికి ఉండేలా పేర్చితే ఆ కాలంలో చల్లదనం చాలావరకు సరిపోతుంది. రోజుకొకసారి పక్కకు వంచుతూ ఉండాలి. ప్రతి గుడ్డు మీద పెన్సిలుతో దొడ్డి అక్షరం, పెట్ట సంఖ్య, తేదీ రాయాలి. మురికి గుడ్లను కడగవద్దు, అసలు ఎంచుకోవద్దు.

గుడ్లు పెట్టే పెట్టలకు చోళ్లు, గంటెలు, నూకలు మాత్రమే వేస్తే చాలదు. మాంసకృత్తులు 16 శాతం దాకా అందాలి, సున్నం అందాలి. భీమిలి తీరంలో దొరికే ఆల్చిప్పలను మంచినీళ్లలో బాగా కడిగి, ఎండబెట్టి, దంచి విడి పాత్రలో పెడితే పెట్ట తనకు కావలసినంతే తింటుంది. ఎండు చేపల పొడి మంచిదే గానీ ఉప్పు పట్టినది కోళ్లకు విషం. ఉప్పు వేయకుండా ఎండబెట్టినదే కొనాలి.

8. పొదిగించడం

అసీల్ పెట్ట మంచి తల్లే అయినా బరువు వల్ల గుడ్లు పగులుతాయి. కాబట్టి ఎనిమిది పది గుడ్లకు మించి వేయవద్దు. వంశపు గుడ్లను పొదుగుకు వచ్చిన తేలికపాటి నాటు పెట్ట కింద పెట్టి, అసీల్ పెట్టను మళ్లీ గుడ్లకు రానివ్వడం ఇంకా మంచి ఏర్పాటు. పేలు లేకుండా ముందే చూసి, రాత్రివేళ కూర్చోబెట్టాలి.

ఇంక్యుబేటర్ వాడేవారు ఫ్యాను ఉన్న యంత్రంలో 37.5 డిగ్రీలు నిలపాలి. తేమ మొదటి 18 రోజులు 50 నుంచి 55 శాతం, చివరి మూడు రోజులు 65 నుంచి 70 శాతం ఉండాలి. మన తీరప్రాంతపు గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి, ఇతర ప్రాంతాల వీడియోలు చూసి తొట్టి నిండా నీళ్లు పోస్తే పిల్లలు పెంకులోనే మునిగి చస్తాయి. నమ్మదగిన కొలత గుడ్డు బరువే. 18 రోజుల్లో గుడ్డు 12 శాతం బరువు తగ్గాలి. పది గుడ్లు కలిపి 450 గ్రాములుంటే, 18వ రోజుకు 396 గ్రాముల దగ్గరికి రావాలి. అంతకంటే ఎక్కువ బరువు మిగిలితే నీళ్లు తగ్గించాలి, మరీ తగ్గిపోతే పెంచాలి.

ఏడో రోజున, పద్దెనిమిదో రోజున చీకటిలో టార్చి వేసి చూసి, జీవం లేని గుడ్లను తీసేయాలి. 21వ రోజున తనంతట తాను పెంకు పగలగొట్టుకోలేని పిల్లను బయటికి లాగి బతికించడం జాలి అనిపిస్తుంది. అలా బతికినదాన్ని వంశానికి మాత్రం ఉంచవద్దు.

9. గుర్తులు, రిజిస్టరు

పుట్టిన రోజే, తడి ఆరిన వెంటనే, కాలి వేళ్ల మధ్య పలుచని పొరకు చిన్న కన్నం వేయాలి. రెండు కాళ్లకు కలిపి నాలుగు పొరలు, అంటే కన్నం ఉన్నదీ లేనిదీ కలిపి 16 రకాల గుర్తులు. దొడ్డికీ తల్లికీ ఇవి సరిపోతాయి. ఎదిగాక కాలికి సంఖ్య ఉన్న రింగు వేయాలి. గుర్తు లేని పిల్ల ఎంత అందంగా పెరిగినా దానికి వంశంలో చోటు లేదు. ఈ నియమాన్ని ఒక్కసారి సడలిస్తే రిజిస్టరుకు విలువ పోతుంది.

ప్రతి కోడికి ఒక పేజీలో ఉండవలసినవి:

- సంఖ్య, పుట్టిన తేదీ, తల్లి, తండ్రి
- 8, 16, 24 వారాల బరువు, ఏడాది బరువు
- మార్కుల పట్టిక, తేదీతో
- వచ్చిన జబ్బులు, పొదిగిన తీరు
- మందలోంచి తీసేస్తే, కారణం ఒక్క మాటలో

10. పిల్లల సంరక్షణ

పిల్లలను వెచ్చగా ఉంచే బ్రూడర్‌లో మొదటి వారం 35 డిగ్రీలు ఉంచి, వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. పిల్లలన్నీ దీపం కింద గుమికూడితే చలి, అంచులకు పారిపోతే వేడి. మొదటి ఎనిమిది వారాలు 20 శాతం మాంసకృత్తులున్న దాణా వేయాలి. గుడ్ల కోళ్ల దాణా వేస్తే అందులోని సున్నం పిల్లల మూత్రపిండాలను పాడుచేస్తుంది.

కొక్కెర తెగులుకు (రాణిఖేత్) 5 నుంచి 7 రోజుల లోపు కంట్లో లసోటా టీకా చుక్క, నాలుగో వారంలో మళ్లీ అదే, ఎనిమిదో వారంలో ఆర్2బి టీకా సూది. మధ్యలో ఆరో వారంలో మశూచి టీకా. టీకాను ఐసుపెట్టెలోనే తేవాలి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. మోతాదు, తేదీల విషయంలో మీ మండల పశువైద్యుని మాటే ఖాయం.

11. మూడు విడతల ఏరివేత

మొదటి విడత ఎనిమిదో వారంలో. ఇక్కడ అందచందాలు చూడవద్దు. వంకర ముక్కు, వంకర వేళ్లు, ఒరిగిన తోక, ఒంటి జుట్టు, ఎదుగుదల లేనివి మాత్రమే తీసేయాలి.

రెండో విడత ఆరో నెలలో. సుమారు సగం పిల్లలు ఈ దశలో వెళ్లిపోతాయి. అసీల్ నెమ్మదిగా ఎదిగే జాతి, ఈ వయసులో పుంజుపిల్లలు పొడుగ్గా, సన్నగా, పొందిక లేకుండా కనిపిస్తాయి. ముందుగా నిండినదాన్నే మంచిదనుకుని ఉంచుకుంటూ పోతే, మీకు తెలియకుండానే త్వరగా ఎదిగే చిన్న ఎముక కోళ్లను ఎంచుతున్నట్టే. ఎముక చట్రాన్ని చూడండి, కండ తర్వాత వస్తుంది.

మూడో విడత ఏడాది దాటాక, పూర్తి మార్కులతో. పెట్టల విషయంలో ఇంకో మాట: ఒకసారి గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లలను పెంచి, తిరిగి ఒళ్లు చేసిన రెండో ఏటి పెట్టే నికరమైన తల్లి. తొలి కాపు పెట్టపిల్లల గుడ్లతోనే ప్రతి ఏడూ తరం మారిస్తే ఆయుష్షు, ఓర్పు అనే గుణాలను పరీక్షించే అవకాశమే ఉండదు.

తీసేసినవాటిని కూరకు అమ్మవచ్చు. పెంపకానికని అమ్మవద్దు.

12. కొత్త రక్తం తేవలసి వస్తే

గుడ్లలో జీవం తగ్గడం, పెంకులో చచ్చే పిల్లలు ఏటేటా పెరగడం, మంద మొత్తం బరువు దిగిపోవడం: ఈ మూడూ కలిసి కనిపిస్తేనే కొత్త రక్తం గురించి ఆలోచించాలి. అప్పుడు కూడా కొత్త పుంజును తెచ్చి మందకు వదలకూడదు, పెట్టను తేవాలి. పుంజు తప్పయితే ఆ ఏటి పిల్లలన్నీ పాడవుతాయి, పెట్ట తప్పయితే దాని పిల్లలు మాత్రమే పోతాయి.

ఆ పెట్టను విడి గూటిలో మీ మేలైన పుంజుతో కట్టి, పిల్లలను ఏడాది దాకా పెంచి చూడాలి. ప్రమాణానికి నిలిచిన పెట్టపిల్లలను మళ్లీ మీ పుంజుతో కట్టాలి. కొత్త రక్తం నాలుగో వంతుకు వచ్చిన ఆ పిల్లల్లో మేలైనవి మాత్రమే దొడ్డిలోకి రావాలి.

13. రెండో చోట మంద

ఒకే తోటలో ఉన్న మంద ఎంత మంచిదైనా ఒక్క కొక్కెర తెగులుకో ఒక్క తుఫానుకో తుడిచిపెట్టుకుపోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకిన రోజున రేకుల షెడ్లు ఏమయ్యాయో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. ప్రతి కుటుంబం నుంచి ఒక పుంజు, రెండు పెట్టల చొప్పున కనీసం పాతిక కిలోమీటర్ల దూరంలో, నమ్మకమైన మరొక పెంపకందారుని దగ్గర ఉంచాలి.

ఇచ్చేటప్పుడు కోళ్లతోపాటు ఇవ్వవలసినవి: ప్రమాణం పేజీ నకలు, ఒక్కో కోడి పేజీ నకలు, దొడ్ల దిశ రాసిన కాగితం, వేసిన టీకాల తేదీలు. పిల్లల్లో మొదటి ఎంపిక హక్కు ఎవరిదో, బయటి పుంజును కలపకూడదన్న షరతు ఎన్నేళ్లకో కూడా అందులోనే రాసి ఇద్దరూ సంతకం చేయండి. ఏటా ఫిబ్రవరిలో, కొత్త పిల్లల గుర్తులు పూర్తయ్యాక, రెండు రిజిస్టర్లను పక్కపక్కన పెట్టి సరిచూసుకోండి.